ఉంగరంలో రాయి జారిపోతే బాధ్యత ఎవరిది: నగల దుకాణం వారంటీదా, బీమాదా?

తెనాలి గృహిణి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. 2022 నవంబరులో మా అమ్మాయి పెళ్లి నగల కోసం విజయవాడలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లినప్పుడు, మిగతా వాటితో పాటు ఒంటిరాయి వజ్రపుటుంగరం ఒకటి తీసుకున్నాము. 18 క్యారట్ల బంగారం, 42 సెంట్ల (0.42 క్యారట్ బరువు) రాయి, ఆ రాయికి ప్రయోగశాల ఇచ్చిన నాణ్యతా పత్రం, అన్నీ కలిపి బిల్లు 1,18,000 రూపాయలు అయింది. బిల్లుతో పాటు ఇచ్చిన కార్డు మీద ‘జీవితకాల ఉచిత నిర్వహణ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అదీ గాక, మావారు మా ఇంటికి తీసుకున్న బీమాలో నగల కోసం 6 లక్షల రూపాయలు విడిగా రాయించారు. ఆ విధంగా ఈ ఉంగరానికి రెండు రక్షణలు ఉన్నాయని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను.

గత నెల గుంటూరులో బంధువుల పెళ్లికని అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. పెళ్లి చూసుకుని ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ చూసుకుంటే ఉంగరంలో రాయి లేదు. కల్యాణ మండపంలోనూ, కారులోనూ, ఇంట్లో మూలమూలనా వెతికాము, దొరకలేదు. దుకాణానికి వెళితే, తమ కార్డు మెరుగు పెట్టడానికీ కట్టు బిగించడానికీ మాత్రమేననీ, పోయిన రాయికి వర్తించదనీ చెప్పారు. బీమా కంపెనీకి రాస్తే, వాడకంలో అరిగిపోవడం వల్ల కలిగిన నష్టం పాలసీలో మినహాయింపు అని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. అసలు వారంటీకీ బీమాకీ తేడా ఏమిటో, ఈ నష్టం ఎవరి కిందికి వస్తుందో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ప్రొద్దుటూరు కంసాలి

అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా రాళ్లు పొదిగే పని చేస్తున్నాను. చట్టం సంగతి తెలిసినవారు తరువాత చెబుతారు గానీ, దానికి ముందు మీరు ఉంగరాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. మీ ఊళ్లో నమ్మకమైన కంసాలి దగ్గర భూతద్దం కింద పెట్టి, రాయిని పట్టి ఉంచే బంగారు గోళ్లు నాలుగూ ఎలా ఉన్నాయో చూసి చెప్పండి. రాయి పోవడానికి కారణం చాలాసార్లు ఆ గోళ్ల మీదే కనిపిస్తుంది.

ఏళ్ల తరబడి వాడకంలో అరిగితే నాలుగు గోళ్లూ దాదాపు ఒకే తీరుగా పలచబడతాయి, కొసలు నున్నగా చదును అవుతాయి. తలుపుకో బల్లకో బలంగా తగిలితే ఒక గోరు పక్కకు ఒరుగుతుంది, దాని మీద గీత గానీ నొక్కు గానీ ఉంటుంది. ఇక పనిలోనే లోపం ఉంటే, ఒక గోరు మొదటి నుంచీ పొట్టిగా ఉండి రాయి అంచు మీదికి సరిగా ఎక్కి ఉండదు, లేదా రాయి కూర్చునే గాడి ఒక వైపు ఎక్కువ లోతుగా తవ్వి ఉంటుంది. మెరుగు పెట్టేటప్పుడు చక్రం కింద అదే పనిగా ఒక వైపు రాస్తే కూడా ఒక గోరు మాత్రమే సన్నబడుతుంది. ఈ నాలుగింటిలో ఏది జరిగిందన్న దాని మీదే మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఉంగరాన్ని అప్పటిదాకా ఎవరి చేతా బాగు చేయించకండి, మెరుగు కూడా పెట్టించకండి.

విశ్రాంత సర్వేయర్, విశాఖపట్నం

పై సలహా చాలా విలువైనది. నేను సాధారణ బీమా రంగంలో నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా పనిచేసి విరమించాను. నాకు తెలిసినంతలో విషయం ఇది.

వారంటీ అంటే అమ్మినవారు తాము అమ్మిన వస్తువు గురించి ఇచ్చే హామీ. లోహంలోనో, అతుకులోనో, కట్టులోనో లోపం ఉంటే సరిచేస్తామని దాని అర్థం. ఆ హామీ ఎంతవరకు ఉంటుందో కార్డు మీదా బిల్లు వెనకా రాసిన షరతులు నిర్ణయిస్తాయి. వస్తువును ఎవరో ఎత్తుకుపోయినా, మీరు పారేసుకున్నా దానికి సంబంధం ఉండదు, ఎందుకంటే అందులో అమ్మినవారి తప్పు లేదు. బీమా ఇందుకు భిన్నం. వస్తువు నాణ్యతతో నిమిత్తం లేకుండా, బయటి నుంచి వచ్చిపడే అగ్నిప్రమాదం, వరద, దొంగతనం, దోపిడి వంటి అనుకోని సంఘటన వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చడానికి, ప్రీమియం తీసుకుని కంపెనీ చేసుకునే ఒప్పందం అది. అందువల్లనే సాధారణంగా నగల పాలసీల్లో ‘అరుగుదల, క్రమక్రమంగా పాడవడం, తయారీ లోపం’ అనే మూడూ మినహాయింపుల్లో ఉంటాయి. ఆ మూడింట్లో మొదటిది యజమాని చూసుకోవలసినది, చివరిది అమ్మినవారు చూసుకోవలసినది అని కంపెనీల ఉద్దేశం.

మీ నష్టం సరిగ్గా ఈ రెండు ఒప్పందాల నడుమ ఉన్న సందులో పడింది. ఉంగరం మొత్తం పోలేదు, దొంగ లేడు, ప్రమాదం జరిగిన క్షణం ఎవరికీ తెలియదు. సర్వేయరు మొదట అడిగే ప్రశ్నలు మూడే: ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది. మూడింటికీ ‘తెలియదు’ అన్న సమాధానం వస్తే, కారణం తెలియని అదృశ్యం అనో, అరుగుదల అనో రాయడం తప్ప అతనికి మార్గం ఉండదు. అదే, కారు తలుపులో చెయ్యి పడి గోరు వంగి రాయి ఎగిరిపోయిందని చెప్పగలిగి, ఉంగరం మీద ఆ గుర్తు కూడా ఉంటే, ప్రమాదవశాత్తు కలిగే నష్టాలను కూడా చేర్చుకునే ‘ఆల్ రిస్క్’ తరహా పాలసీలో అది పరిశీలించదగిన క్లెయిమ్ అవుతుంది.

మీ టపాలో ఇంకొక మాట నన్ను కలవరపెట్టింది. అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చిందన్నారు. బీమా మీవారి పేరున, తెనాలి ఇంటికి ఉంది. అమ్మాయికి వివాహమై వేరే కాపురం ఉంటున్నారా?

తెనాలి గృహిణి

అవునండీ. 2023 ఫిబ్రవరిలో వివాహం అయింది, మియాపూర్‌లో ఉంటున్నారు. బిల్లు మాత్రం మావారి పేరునే ఉంది. దీనికీ బీమాకీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

విశ్రాంత సర్వేయర్, విశాఖపట్నం

చాలా సంబంధం ఉందమ్మా. మన కుటుంబాల్లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. ఏ వస్తువు పోతే ఎవరికి ఆర్థికంగా నష్టం కలుగుతుందో వారే దానికి బీమా తీసుకోవాలి, దీన్ని బీమా ప్రయోజనం అంటారు. ఇంటి పాలసీలు సాధారణంగా పాలసీదారుకూ, అదే ఇంట్లో స్థిరంగా నివసించే కుటుంబ సభ్యులకూ వర్తిస్తాయి. పెళ్లిలో అమ్మాయికి పెట్టిన నగలు ఆ రోజు నుంచి అమ్మాయి సొత్తు, అవి ఉండేది కూడా వేరే ఇంట్లో. తండ్రి పేరున బిల్లు ఉన్నంత మాత్రాన అవి తండ్రి పాలసీలో కొనసాగుతాయని అనుకోకూడదు. మీ కంపెనీ అరుగుదల కారణం చూపించి ఆగిపోయింది గానీ, రేపు మీరు దాన్ని తోసిపుచ్చగలిగినా ఈ రెండో అభ్యంతరం ఎదురవుతుంది. అందువల్ల నగలు పెట్టిన తరువాత వాటి బిల్లుల నకళ్లు, నాణ్యతా పత్రాలు అమ్మాయికి అప్పగించి, ఆ దంపతుల ఇంటి పాలసీలో వాటిని రాయించడం అవసరం.

కూకట్‌పల్లి వాసి

నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. ఈ షరతులన్నీ చదువుతుంటే బీమాకు డబ్బు కట్టడమే దండగ అనిపిస్తున్నది. మా ఇంట్లో తొంభై తులాల బంగారం ఉంది, అంతా బ్యాంకు లాకర్లో పెట్టుకున్నాము. బ్యాంకే జవాబుదారీ కదా, ఇంకా బీమా ఎందుకు?

నిజామాబాద్ న్యాయవాది

కూకట్‌పల్లి సోదరులకు: బ్యాంకు జవాబుదారీయే, కానీ ఒక పరిమితి వరకే. 2021 ఫిబ్రవరిలో అమితాభ దాస్‌గుప్తా కేసులో, లాకరు విషయంలో బ్యాంకులు తమకేమీ బాధ్యత లేదని చేతులు దులుపుకోలేవని సుప్రీంకోర్టు చెప్పి, ఆరు నెలల్లో నియమాలు చేయమని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. ఆ ప్రకారం అదే ఏడాది ఆగస్టులో వచ్చిన నియమాలు 2022 జనవరి 1 నుంచి అమలయ్యాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడి, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి వాటిలో లాకరులోని సొత్తు పోతే బ్యాంకు చెల్లించవలసింది లాకరు వార్షిక అద్దెకు నూరు రెట్లు. ఏటా 3,000 రూపాయలు అద్దె కడుతుంటే 3 లక్షలు. తొంభై తులాల విలువ ముందు అది ఎంతో మీరే లెక్క వేసుకోండి. భూకంపం, వరద, పిడుగు వంటి ప్రకృతి వైపరీత్యాల్లో, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే ఆ బాధ్యత కూడా లేదు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి, ఆ సొత్తుకు బ్యాంకు తానే బీమా అమ్మడం కూడా ఆ నియమాల్లో నిషేధం. లాకరు మంచి కాపలాయే, అందులో సందేహం లేదు. అయితే దాన్ని బీమా అనుకోవడం సరికాదు. లాకరులోని నగలకు కూడా సాధారణ బీమా కంపెనీల వద్ద పాలసీ తీసుకోవచ్చు.

వరంగల్ ఉపాధ్యాయిని

కూకట్‌పల్లి అన్నగారూ, బీమా దండగ అన్న మాటతో నేను ఏకీభవించలేను. నాలుగేళ్ల కింద ఉదయం బడికి నడిచి వెళ్తుండగా మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు నా మెడలోని గొలుసు తెంపుకుపోయారు. మూడు తులాల గొలుసులో అరతులం ముక్క, కొక్కెంతో సహా, నా పిడికిట్లో మిగిలింది. ఆ గొలుసు మా అత్తగారిది, దానికి బిల్లు అనేదే లేదు. అదృష్టవశాత్తు పాలసీ తీసుకునే ముందు ఏజెంటు బలవంతం మీద, గుర్తింపు పొందిన విలువ నిర్ధారకుడి దగ్గర తూకం వేయించి, ఫొటోతో సహా ధ్రువపత్రం తీసుకున్నాము. పోలీసులకు గంటలోపే ఫిర్యాదు ఇచ్చాము, అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య రాయించుకున్నాము. ఎఫ్‌ఐఆర్, ధ్రువపత్రం, మిగిలిన ముక్క, చివరకు దొంగల ఆచూకీ దొరకలేదని పోలీసులు ఇచ్చిన తుది నివేదిక, ఇవన్నీ ఇచ్చిన తరువాత పరిహారం అందింది. తిరిగి కొనడానికి ఆ డబ్బు పూర్తిగా సరిపోలేదు, ఎందుకంటే ధ్రువపత్రంలోని ధర రెండేళ్ల కిందటిది. అయినా రాకపోవడం కంటే రావడమే కదా మాకు ఆదుకోలు.

విశ్రాంత సర్వేయర్, విశాఖపట్నం

అమ్మా, మీరు చివర చెప్పిన మాటను కొంచెం విడమరచాలి. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఐదేళ్ల కింద రాయించిన మొత్తాన్నే ఏటేటా అలాగే పునరుద్ధరించుకుంటూ వచ్చినవారి పాలసీలు ఇప్పుడు నగల అసలు విలువ కంటే చాలా తక్కువకే ఉన్నాయి. ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, పాలసీలో సరాసరి నిబంధన ఉంటే, పోయింది కొంత భాగమే అయినా దానిలోనూ కోత పడుతుంది. ఇంట్లో 10 లక్షల నగలు ఉండి 5 లక్షలకే బీమా రాయించుకుంటే, 2 లక్షల విలువైన గాజులు పోయినప్పుడు కంపెనీ లెక్క కట్టేది లక్ష రూపాయలే. మిగిలిన సగానికి మీరే మీకు బీమాదారు అని వారి వాదన. కాబట్టి పునరుద్ధరణ సమయంలో ఆనాటి ధర ప్రకారం మొత్తాన్ని సవరించుకోవాలి.

జతగా ఉండే నగల విషయం కూడా చూసుకోండి. బుట్టల్లో ఒకటి పోతే రెండింటి విలువా ఇవ్వరు, పోయిన దాని వంతు మాత్రమే ఇస్తామని చాలా పాలసీల్లో ఉంటుంది. ఒక్కో వస్తువుకు గరిష్ఠ పరిమితి కూడా ఉండవచ్చు. హారం వంటి పెద్ద నగను పాలసీకి జతచేసే జాబితాలో (షెడ్యూలులో) విడిగా, దాని బరువుతో, వర్ణనతో రాయించకపోతే ఆ పరిమితి దాటి రాదు. మెరుగు పెట్టించడానికో బాగు చేయించడానికో ఇచ్చినప్పుడు ఆ పనిలో జరిగే నష్టం, తాళం వేయని కారులో వదిలిన నగ, పనివారి చేతివాటం, చాలా రోజులు తాళం వేసి ఉన్న ఇల్లు, ఇవి తరచుగా కనిపించే మినహాయింపులు.

ఇంకొకటి, ‘బర్గ్లరీ’ అన్న పదం. 2004లో హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. పాలసీలో బర్గ్లరీకి ఇచ్చిన నిర్వచనం ప్రకారం బలప్రయోగం జరగాలి. తాళం పగలగొట్టడమో, కిటికీ ఊచలు వంచడమో లేకుండా, తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి ఎవరైనా నగలు తీసుకుపోతే అది దొంగతనమే గానీ ఆ పాలసీ కిందికి రాదు. మీ పాలసీ కాగితంలో దొంగతనం అన్న మాట కూడా విడిగా ఉందో లేదో తప్పక చూసుకోండి.

సింగ్‌నగర్, విజయవాడ

2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధుల్లోకి వచ్చినప్పుడు మా కింది అంతస్తు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. బీరువా అడుగు అరలో ఉన్న నగలు బురదలోంచి తీసి కడిగితే బంగారం బంగారంగానే ఉంది. కానీ లోపల లక్క నింపిన పాత కంటె ఉబ్బి అతుకు విడిపోయింది, ముత్యాల దండల దారాలు కుళ్లి ముత్యాల నిగ్గు పోయింది. మాకు భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. వరద అందులో ఉందని ధైర్యంగా ఉన్నాము. తీరా చూస్తే ఇంటి సామగ్రి అన్న మాటలో నగలు లేవు, వాటిని ఐచ్ఛికంగా విడిగా చేర్చుకోవాలట, మేము చేర్చుకోలేదు. మంచాలకూ ఫ్రిజ్‌కూ పరిహారం వచ్చింది, నగలకు రాలేదు. ఇది చదివేవారు ఈరోజే తమ పాలసీ తీసి ఈ ఒక్క విషయం చూసుకోవాలని నా విన్నపం.

విశ్రాంత సర్వేయర్, విశాఖపట్నం

సింగ్‌నగర్ వారు చెప్పింది నిజం. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఇవ్వవలసిన ప్రామాణిక గృహ పాలసీ అది. విలువైన వస్తువులను ముందుగా అంగీకరించిన విలువకు చేర్చుకునే ఐచ్ఛిక రక్షణ అందులో ఉంది. మొత్తం 5 లక్షలలోపు, ఒక్కో వస్తువు లక్షలోపు ఉంటే విలువ ధ్రువపత్రం కూడా అడగరు. అయితే దొంగతనం విషయంలో అది చాలా ఇరుకైనది. వరద, అగ్నిప్రమాదం వంటి బీమా ఉన్న సంఘటన జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. మామూలు రోజున ఇంట్లో దొంగలు పడితే దాని కింద రాదు, దానికి వేరే పాలసీ కావాలి.

డల్లాస్ తెలుగు

అమెరికాలో ఉన్న మనవారి కోసం నాలుగు మాటలు. ఇక్కడి సాధారణ గృహ పాలసీల్లో దొంగతనంలో పోయిన నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్ల పరిమితి పెట్టడం మామూలు. అంతకుమించి కావాలంటే ఒక్కో నగనూ విలువతో సహా పాలసీకి జతచేయించాలి, దాన్ని ‘షెడ్యూల్’ చేయడం అంటారు. అలా చేస్తే కారణం తెలియని అదృశ్యం కూడా చాలావరకు చేరుతుంది, అంటే తెనాలి అమ్మగారి అమ్మాయి ఉంగరం వంటి నష్టానికి అవకాశం ఉంటుంది. దుకాణాలు అమ్మే వజ్రపు హామీలు వేరు. ఆరు నెలలకొకసారి దుకాణానికి తీసుకెళ్లి పరీక్ష చేయించి, పుస్తకంలో నమోదు చేయించుకుంటేనే రాయి పడిపోయినప్పుడు వేరే రాయి ఇస్తారు. ఒక్క పరీక్ష తప్పినా హామీ పోతుందన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేము ఒకసారి రెండు వారాలు ఆలస్యం చేసి ఆ హామీ పోగొట్టుకున్నాము.

మన 22 క్యారట్ల నగల విలువ కట్టించడంలో కూడా జాగ్రత్త అవసరం. మా అమ్మ ఇచ్చిన కాసులపేరును ఇక్కడి అంచనాదారు మొదట బంగారం బరువుకే విలువ కట్టాడు. ఒక్కొక్క కాసు మీద లక్ష్మీదేవి అచ్చు, వెనక చేతితో అల్లిన తీగ, ఇదంతా పనితనమని వివరించి మజూరీ కూడా రాయించుకున్నాము.

చీరాల మిత్రుడు

ఒక చిన్న సందేహం. 916 హాల్‌మార్క్ ఉంటే అదే ప్రభుత్వ వారంటీ కదా? అలాగే కొన్ని దుకాణాలు కొన్న ఏడాది పాటు ఉచిత బీమా ఇస్తున్నాయి. అది సరిపోదా?

ప్రొద్దుటూరు కంసాలి

హాల్‌మార్క్ చెప్పేది బంగారం స్వచ్ఛత ఒక్కటే అన్నా. 22కె916 అంటే వెయ్యి భాగాల్లో 916 మేలిమి అని. రాయి గురించి, కట్టు గురించి, అతుకు గురించి అది ఏమీ చెప్పదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ప్రతి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉండాలి. దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. ఆ సంఖ్యను మీ పుస్తకంలో రాసి పెట్టుకుంటే, దొంగ సొత్తు దొరికినప్పుడు ఇది మాదే అని చూపించుకోవడానికి పనికొస్తుంది. కుందన్, పోల్కీ, జడావు నగలకు, రెండు గ్రాములలోపు వాటికి ఇది తప్పనిసరి కాదు.

నిజామాబాద్ న్యాయవాది

స్వచ్ఛత తక్కువని తేలితే, బీఐఎస్ నియమాల ప్రకారం తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష రుసుముతో సహా కొనుగోలుదారుకు రావాలి. ఆ మేరకు అది వారంటీ కంటే బలమైన హక్కు. దుకాణం ఇచ్చే ఉచిత బీమా నిజానికి దుకాణం ఒక బీమా కంపెనీ నుంచి తన కొనుగోలుదారులందరి కోసం తీసుకున్న సామూహిక పాలసీ. కంపెనీ పేరు, పాలసీ సంఖ్య, ముగిసే తేదీ, మినహాయింపులు ఉన్న ధ్రువపత్రం అడిగి తీసుకోకపోతే అది మాటగానే మిగులుతుంది. తిరిగి కొనే హామీని కూడా చాలామంది వారంటీ అనుకుంటారు. అది మార్పిడి ధర గురించిన ఒప్పందం మాత్రమే, అందులో తరుగు, మజూరీ, పన్ను వెనక్కి రావు.

ఇక తెనాలి అమ్మగారి విషయానికి వస్తాను. దుకాణం కార్డులో కట్టు బిగించడం తమ బాధ్యత అని వారే రాశారు. ఈ మూడేళ్లలో ఉంగరం ఎప్పుడైనా వారి చేతికి వెళ్లిందా? వెళ్లి ఉంటే రసీదు ఉందా?

తెనాలి గృహిణి

వెతికితే దొరికిందండీ. 2024 మే నెలలో సైజు పెంచడానికి, మెరుగు పెట్టడానికి అదే దుకాణంలో ఇచ్చాము. రసీదు మీద ఇచ్చేటప్పుడు బరువు, తీసుకునేటప్పుడు బరువు, ‘రాయి సరిచూడబడినది’ అని ముద్ర ఉన్నాయి. కంసాలి గారు చెప్పినట్టు మా ఊళ్లో భూతద్దం కింద చూపించాము. మూడు గోళ్లు మందంగా, గుండ్రటి కొసలతో ఉన్నాయి. నాలుగోది మాత్రం సగానికి సగం సన్నబడి, చివర కత్తిరించిన గోటి ముక్కలా పలచగా బయటికి తెరుచుకుని ఉంది. దాని మీద ఎక్కడా దెబ్బ గుర్తు లేదు.

ప్రొద్దుటూరు కంసాలి

అయితే అది వాడకపు అరుగుదల కాదమ్మా. వాడకంలో ఒక్క గోరు మాత్రమే సగానికి అరగడం నేను చూడలేదు. సైజు పెంచాక చుట్టూ మెరుగు పెట్టేటప్పుడు ఒక వైపు చక్రం ఎక్కువసేపు తగిలి ఉండాలి. ఆ సంగతి వారి పనివాడికీ చూడగానే తెలుస్తుంది. మీ ఊరి కంసాలి చేత బరువుతో, ఫొటోలతో, తేదీతో ఒక కాగితం రాయించుకోండి.

నిజామాబాద్ న్యాయవాది

అలా రాయించుకున్న కాగితం, రసీదు నకలు జతపరచి దుకాణం యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. రాయి పోయిందని కాకుండా, వారు చేసిన పనిలో లోపం వల్ల రాయి పోయిందని రాయాలి. ఇప్పుడు ఇది వారంటీ కార్డు ప్రశ్న కూడా కాదు, సేవాలోపం. స్పందించకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పవచ్చు, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, దుకాణం ఉన్న ఊరికి వెళ్లనవసరం లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు.

బీమా మీద మీకు అసంతృప్తి ఉంటే మార్గం వేరు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి, రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. 50 లక్షల వరకు అక్కడ విచారిస్తారు. అయితే మీ కేసులో బీమా కంపెనీ జవాబు తప్పని నేను అనలేను. ఆ దారిలో మీ శ్రమ వెచ్చించకండి.

తెనాలి గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం అందిన పన్నెండో రోజున దుకాణం నుంచి పిలుపు వచ్చింది. వారి పనిశాలలో ఉంగరాన్ని నా ఎదుటే పెద్ద అద్దం కింద పెట్టి చూశారు. నాలుగో గోరు చూసి పనివారు ఏమీ మాట్లాడలేదు. కట్టు మొత్తం కొత్తగా చేసి, అంతే బరువు, అదే రంగు, అదే స్వచ్ఛత ఉన్న రాయి పొదిగి ఇస్తామనీ, రాయి ధరలో మూడో వంతు మేము భరించాలనీ అన్నారు. మావారు, అల్లుడు మాట్లాడుకుని అందుకు ఒప్పుకున్నాము. ఉంగరం మొన్న చేతికి వచ్చింది. కొత్త రాయి నాణ్యతా పత్రం సంఖ్యను బిల్లు మీద రాయించాము, కట్టును మళ్లీ ఎప్పుడు పరీక్షకు తేవాలో కూడా కార్డు వెనక తేదీ వేయించి సంతకం తీసుకున్నాము.

నిన్న అమ్మాయి ఫోనులో ఒక్కొక్క నగా చెబుతుంటే నేను బిల్లులు చూసి బరువు, హెచ్‌యూఐడీ రాస్తూ వచ్చాను. వడ్డాణం, రెండు హారాలు, నాలుగు జతల గాజులు, నల్లపూసలు, ఉంగరాలు కలిపి పందొమ్మిది వస్తువులు తేలాయి. మా అమ్మ ఇచ్చిన పచ్చల అడ్డికకు బిల్లు లేదు. దాన్ని వచ్చే సోమవారం విలువ కట్టించడానికి తీసుకెళ్తారు. ఆ ధ్రువపత్రం రాగానే మియాపూర్ ఇంటి చిరునామాతో, అమ్మాయి పేరున పాలసీకి దరఖాస్తు చేస్తారు.